రిపోర్టులో ‘నెగెటివ్‌’ అని ఉంటే మందు పనిచేయనట్టేనా?

కిడ్నీ క్యాన్సర్‌లో ప్రొటీన్‌ మార్కర్లు ఏం చెబుతాయో, ఏం చెప్పవో అర్థమైతే బయోఇన్ఫర్మేటిక్స్‌లో సగం పాఠం వచ్చినట్టే!

కిందటేడు ఓ రాత్రి పదకొండు గంటలకు మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఒక రిపోర్టు ఫొటో పంపాడు. దాని కింద ఒకే లైను: ‘అన్నా, పీడీ-ఎల్‌1 నెగెటివ్‌ అంట. ఇమ్యునోథెరపీ ఇక పనిచేయదనేగా?’

బాబాయికి అంతకు రెండేళ్ల ముందు కిడ్నీలో కణితి వస్తే ఆపరేషన్‌ చేసి తీసేశారు. మళ్లీ స్కాన్‌ చేస్తే ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. డాక్టరుగారి అపాయింట్‌మెంట్‌కు ఇంకా రెండు రోజులుంది. ఈలోపు ఇంట్లోవాళ్లు గూగుల్‌ చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ మీద రాసిన పేజీ ఏదో దొరికింది. పీడీ-ఎల్‌1 ఎక్కువుంటే మందు బాగా పనిచేస్తుందని అందులో ఉంది. మనకు నెగెటివ్‌ వచ్చింది కాబట్టి దారి మూసుకుపోయిందనుకున్నారు. మా ఇంట్లో ‘కంప్యూటర్లు తెలిసినోడు’ నేనే కాబట్టి ప్రశ్న నా దాకా వచ్చింది.

నేను చదివింది ఈసీఈ. డాక్టర్ని కాదు. కానీ అప్పటికి కొన్నేళ్లుగా క్యాన్సర్‌ డేటాతో పనిచేస్తున్నా కాబట్టి ఒక్క మాట ధైర్యంగా చెప్పగలిగాను. ‘ఒరేయ్‌, మీరు చదివింది ఊపిరితిత్తుల క్యాన్సర్‌ సంగతి. బాబాయిది కిడ్నీలో పుట్టి ఊపిరితిత్తులకు పాకింది. అది కిడ్నీ క్యాన్సరే. అక్కడ ఈ లెక్క వేరు. డాక్టరుగారితో మాట్లాడేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు.’

ఆ లెక్క ఎందుకు వేరో చెప్పడానికే ఈ వ్యాసం. డేటా సైన్స్‌ నేర్చుకుని ఆరోగ్యరంగంలోకి రావాలనుకునే ఇంజినీరింగ్‌ విద్యార్థులు మీలో చాలామంది ఉన్నారు. పైథాన్‌ కంటే, ఆర్‌ కంటే ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇందులో ఉంది.

పీడీ-ఎల్‌1 చేసే పనేంటి?

మన రక్తంలో తిరిగే టి-కణాలు ఇన్‌ఫెక్షన్‌ సోకిన కణాలనూ, తేడాగా మారిన కణాలనూ పట్టుకుని చంపుతాయి. అవి అదుపు తప్పి మన ఒంటి మీదే పడకుండా వాటికి బ్రేకులు ఉంటాయి. అలాంటి ఒక బ్రేకు పీడీ-1 అనే ప్రొటీన్‌. దీన్ని జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో గుర్తించింది. ఆ బ్రేకును తొక్కే కాలు పీడీ-ఎల్‌1. కొన్ని క్యాన్సర్‌ కణాలు తమ ఉపరితలం మీద పీడీ-ఎల్‌1ను పెంచుకుంటాయి. టి-కణం దగ్గరికి రాగానే దాని బ్రేకు తొక్కేస్తాయి. ఈ రెండూ కలవకుండా అడ్డుపడేవే నివొలుమాబ్‌, పెంబ్రొలిజుమాబ్‌ లాంటి మందులు. ఈ దారి చూపినందుకే హోంజో, అమెరికాకు చెందిన జేమ్స్‌ అలిసన్‌ 2018లో వైద్య నోబెల్‌ పంచుకున్నారు.

ఇంత వరకూ వింటే ఎవరికైనా తట్టేది ఒక్కటే. పీడీ-ఎల్‌1 ఉన్న కణితి మీదే ఈ మందు పనిచేయాలి, లేనిదాని మీద పనిచేయకూడదు. లాజిక్‌ బాగుంది. కొన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ లాజిక్‌ చాలావరకు నిలబడింది కూడా. మరి కిడ్నీ దగ్గర ఏమైంది?

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

కిడ్నీ క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడొంతులు ‘క్లియర్‌ సెల్‌’ రకం. మైక్రోస్కోప్‌ కింద కణాలు ఖాళీగా, తెల్లగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. అమెరికాలోని మేయో క్లినిక్‌ పరిశోధకులు ఇలాంటి 196 మంది కణితుల్ని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. కణితిలో పీడీ-ఎల్‌1 ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే సుమారు నాలుగున్నర రెట్లు ఎక్కువని తేలింది. అంటే పీడీ-ఎల్‌1 ఒక చెడు సంకేతం. అప్పటికి పీడీ-1 మందులు మార్కెట్లో లేవు.

తర్వాత మందు వచ్చింది. అంతకుముందు వేరే చికిత్స తీసుకున్నా జబ్బు ముదిరిన 821 మందితో చెక్‌మేట్‌-025 అనే ట్రయల్‌ చేశారు. సగం మందికి నివొలుమాబ్‌, మిగతా సగానికి అప్పట్లో వాడుకలో ఉన్న ఎవరొలిమస్‌ ఇచ్చారు. 2015లో ఫలితాలొచ్చాయి. మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, నివొలుమాబ్‌తో 25 నెలలు. ఎవరొలిమస్‌తో 19.6 నెలలు. అదే ఏడాది అమెరికాలో కిడ్నీ క్యాన్సర్‌కు ఈ మందు అనుమతి పొందింది.

అసలు విషయం లోపలి అంకెల్లో ఉంది. జాగ్రత్తగా చూడండి.

* పీడీ-ఎల్‌1 ఒక శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు: నివొలుమాబ్‌తో 21.8 నెలలు, ఎవరొలిమస్‌తో 18.8 నెలలు.
* ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లు: నివొలుమాబ్‌తో 27.4 నెలలు, ఎవరొలిమస్‌తో 21.2 నెలలు.

ముందు పైనుంచి కిందికి చదవండి. ఏ మందు ఇచ్చినా ‘నెగెటివ్‌’ వాళ్లే ఎక్కువ కాలం ఉన్నారు. మేయో క్లినిక్‌ వాళ్లు చెప్పింది నిజమేనన్నమాట. ఇప్పుడు అడ్డంగా చదవండి. పాజిటివ్‌ అయినా, నెగెటివ్‌ అయినా నివొలుమాబే మెరుగు. కాబట్టి నెగెటివ్‌ అని చెప్పి మందు ఆపితే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

ఒక మార్కర్‌ను మనం రెండు ప్రశ్నలు అడగొచ్చు. ‘ఈ జబ్బు ఎలా ముదురుతుంది?’ అన్నది ఒకటి. దీనికి జవాబిచ్చేది ముందస్తు అంచనా మార్కర్‌. ‘ఈ మందు ఈ మనిషికి పనిచేస్తుందా?’ అన్నది రెండోది. దీనికి జవాబిచ్చేది చికిత్సను ఎంచే మార్కర్‌. మొదటి ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చిన ప్రొటీన్‌ రెండోదానికీ ఇస్తుందని ఎక్కడా రాసిలేదు. కిడ్నీ క్యాన్సర్‌లో పీడీ-ఎల్‌1కు జరిగింది అదే. ఆ రాత్రి మా తమ్ముడు అడిగింది రెండో ప్రశ్న. రిపోర్టు దగ్గర అంతో ఇంతో ఉన్నది మొదటిదానికి జవాబు. అది కూడా కొద్దిగా శుభవార్తే!

కొలబద్ద ఒకటి కాదు

ఇంకో చిక్కుంది. పీడీ-ఎల్‌1ను కణజాలం మీద రంగు వేసి చూస్తారు. ఆ రంగును ప్రొటీన్‌కు పట్టించే యాంటీబాడీలు రకరకాలు. కిడ్నీ క్యాన్సర్‌ ట్రయల్స్‌లోనే ఒక కంపెనీ 28-8 వాడితే, ఇంకొకరు 22సీ3, మరొకరు ఎస్‌పీ142, వేరొకరు ఎస్‌పీ263 వాడారు. కొందరు క్యాన్సర్‌ కణాల మీద రంగును మాత్రమే లెక్కపెట్టారు. కొందరు చుట్టూ చేరిన రోగనిరోధక కణాల మీద లెక్కపెట్టారు. కొందరు రెండూ కలిపారు. ఒకే ఇంటిని ఒకరు గజాల్లో, ఇంకొకరు మీటర్లలో, మరొకరు ప్రహరీతో కలిపి కొలిచి ‘ఎంత?’ అన్నట్టుంటుంది. పైగా కిడ్నీలో తీసిన ముక్కలో ఒకలా, ఊపిరితిత్తుల్లో తీసిన ముక్కలో ఇంకోలా రావచ్చు.

డేటాసెట్‌ తెరిస్తే మీకు కనిపించేది ఒక కాలమ్‌. అందులో ‘పాజిటివ్‌’, ‘నెగెటివ్‌’ అని ఉంటుంది. ఆ మాట వెనక ఏ యాంటీబాడీ, ఏ కణం, ఏ హద్దు అని అడగకుండా రెండు డేటాసెట్లు కలిపారంటే, మోడల్‌ ఎంత గొప్పదైనా వచ్చే జవాబు చెత్తే.

నేను చేసిన తప్పు

అమెరికాలోని క్యాన్సర్‌ జీనోమ్‌ అట్లాస్‌, అంటే టీసీజీఏ, క్లియర్‌ సెల్‌ కిడ్నీ క్యాన్సర్‌ వచ్చిన 500 మందికి పైగా డేటాను ఉచితంగా పెట్టింది. జన్యువుల పనితీరు, కణితి దశ, ఎవరు ఎన్నాళ్లు బతికారన్న వివరాలు, వాళ్ల పేర్లు లేకుండా, అందులో ఉంటాయి. ల్యాప్‌టాప్‌, నెట్‌ ఉంటే చాలు.

ఉద్యోగం చేస్తూనే రాత్రుళ్లు కూర్చుని నేనూ దాన్ని దింపాను. ఇమ్యూనిటీకి సంబంధించిన జన్యువుల జాబితా తీసుకుని, వాటిలో ఐదింటితో ఒక స్కోరు తయారుచేశాను. స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లు, తక్కువ ఉన్నవాళ్లు అని రెండు గీతలు గీస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి. మధ్యలో పే...ద్ద ఖాళీ. పి-వేల్యూ చూస్తే చుక్క తర్వాత సున్నాలే సున్నాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఒక సీనియర్‌కు చూపించా. ఆయన బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ‘కళ్లు మూసుకుని ఏవైనా ఐదు జన్యువులు తీయి. ఇదే గీత మళ్లీ గీయి. అలా ఒక వందసార్లు చేసి రా’ అన్నారు. చేశా. లాటరీ తీసిన జన్యువులతోనూ గీతలు విడిపోతూనే ఉన్నాయి. ఒకటీ రెండుసార్లు కాదు, మళ్లీ మళ్లీ.

ఎందుకలా? వాన పడిందనుకోండి. రోడ్డు మీద గొడుగులు పెరుగుతాయి. మిర్చిబజ్జీల బండి దగ్గర జనం పెరుగుతారు. ట్రాఫిక్‌ ఆగిపోతుంది. వీటిలో దేన్ని కొలిచినా ‘వాన పడుతోంది’ అని చెప్పగలరు. బజ్జీల వల్ల వాన పడిందని అర్థమా? కిడ్నీలో కణితి ముదిరినప్పుడు వేల జన్యువుల పనితీరు ఒకేసారి మారిపోతుంది. వాటిలో దేన్ని పట్టుకున్నా అది ‘కణితి ముదిరింది’ అనే చెబుతుంది. ఆ మాట కణితి దశను చూసిన డాక్టరుకు ముందే తెలుసు!

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. స్వీడన్‌కు చెందిన హ్యూమన్‌ ప్రొటీన్‌ అట్లాస్‌ బృందం 17 రకాల క్యాన్సర్లను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించింది. రోగి బతికే కాలంతో ముడిపడిన జన్యువులు అన్నిటికంటే ఎక్కువగా దొరికింది కిడ్నీ క్యాన్సర్‌లోనే. అంటే ఇక్కడ రాయి ఎటు విసిరినా ఏదో ఒక ‘మార్కర్‌’కు తగులుతుంది. 2011లో రొమ్ము క్యాన్సర్‌ మీద ఇంకా సరదా అధ్యయనం వచ్చింది. అప్పటికి ప్రచురితమైన 47 జన్యు స్కోర్లను, లాటరీ తీసిన జన్యువుల స్కోర్లతో పోల్చారు. 28 స్కోర్లు లాటరీ కంటే గట్టిగా మెరుగ్గా లేవు. భోజనం తర్వాత నవ్వడానికి సంబంధించిన జన్యువుల స్కోరు కూడా రొమ్ము క్యాన్సర్‌ రోగుల భవిష్యత్తును ‘ఊహించింది’!

మీరు ప్రాజెక్టు చేస్తుంటే ఈ చిన్న లెక్క గోడకు అతికించుకోండి. మనకు సుమారు 20,000 జన్యువులున్నాయి. ఒక్కోదాన్నీ విడివిడిగా పరీక్షించి పి-వేల్యూ 0.05 దాటకపోతే చాలు అనుకుంటే, నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా దాదాపు 1,000 జన్యువులు ‘పాస్‌’ అయిపోతాయి.

ఆర్‌ఎన్‌ఏ వేరు, ప్రొటీన్‌ వేరు

టీసీజీఏలో మనం ఎక్కువగా వాడేది ఆర్‌ఎన్‌ఏ లెక్క. అది వంటకు రాసుకున్న చీటీ లాంటిది. ప్రొటీన్‌ అంటే పళ్లెంలోకి వచ్చిన కూర. చీటీలో ఉన్నవన్నీ పళ్లెంలోకి రావు. అమెరికాలోనే సీప్టాక్‌ అనే మరో బృందం 103 మంది కిడ్నీ కణితుల్లోని ప్రొటీన్లను నేరుగా కొలిచి 2019లో ప్రచురించింది. కణం శక్తిని తయారుచేసుకునే పద్ధతిలో వచ్చిన మార్పుల్లాంటివి ఆర్‌ఎన్‌ఏ కంటే ప్రొటీన్ల లెక్కలోనే స్పష్టంగా దొరికాయి. చుట్టూ ఉన్న రోగనిరోధక కణాల్ని బట్టి ఈ కణితుల్లో నాలుగు రకాలున్నాయని కూడా వాళ్లు చూపించారు. కొన్నిట్లో టి-కణాలు కిక్కిరిసి ఉంటే, కొన్నిట్లో దాదాపు ఎడారి.

ఇక్కడా కిడ్నీ మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. చాలా క్యాన్సర్లలో కణితిలోకి టి-కణాలు ఎక్కువగా చేరితే మంచిది. క్లియర్‌ సెల్‌ కిడ్నీ క్యాన్సర్‌లో చాలాసార్లు అది చెడు సంకేతం. కారణం, చేరిన కణాల్లో చాలావరకు అలసిపోయి ఉంటాయి. పోలీసులు వచ్చారు కానీ లాఠీ ఎత్తే ఓపిక లేదు. కాబట్టి ఎన్ని కణాలున్నాయని అడిగితే సరిపోదు. ఏ స్థితిలో ఉన్నాయో కూడా అడగాలి.

ఇప్పుడు అందరి కళ్లూ కిమ్‌-1 మీద

కిడ్నీ కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ప్రొటీన్‌ కిమ్‌-1. దీనికే టిమ్‌-1 అనే ఇంకో పేరుంది. రోగనిరోధక కణాల మీద కూడా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. దీన్ని రక్తంలో కొలవచ్చు. యూరప్‌లో దాచి ఉంచిన పాత రక్తనమూనాలను పరీక్షించి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. కిడ్నీ క్యాన్సర్‌ బయటపడడానికి అయిదేళ్ల ముందు దాకా కూడా ఆ రోగుల రక్తంలో కిమ్‌-1 ఎక్కువగా ఉందని తేలింది.

ఇంకా ఆసక్తికరమైనది ఇమోషన్‌-010 ట్రయల్‌. ఆపరేషన్‌ తర్వాత క్యాన్సర్‌ తిరగబెట్టకుండా 778 మందిలో కొందరికి అటెజొలిజుమాబ్‌, కొందరికి ఉత్తి సెలైన్‌ లాంటి ప్లసీబో ఇచ్చారు. 2022లో వచ్చిన ఫలితం నిరాశే. మందుతో మొత్తం మీద తేడా లేదు. తర్వాత వాళ్ల రక్తంలో కిమ్‌-1 చూశారు. ఎక్కువ ఉన్నవాళ్లలో మందు వల్ల క్యాన్సర్‌ తిరగబెట్టడం తగ్గింది. తక్కువ ఉన్నవాళ్లలో ఆ లాభం లేదు. పీడీ-ఎల్‌1 జవాబివ్వలేకపోయిన రెండో ప్రశ్నకు జవాబిచ్చే సూచన ఇది. అయితే ఇది ట్రయల్‌ అయ్యాక వెనక్కి తిరిగి చేసిన విశ్లేషణ. కిమ్‌-1ను ముందే కొలిచి, దాన్నిబట్టి మందు ఇచ్చి చూసే ట్రయల్‌ నెగ్గితేనే ఆసుపత్రిలో వాడుకకు వస్తుంది. వేరే కారణాలతో కిడ్నీ దెబ్బతిన్నా ఇది పెరుగుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

మీరు రావాలంటే...

ఎంపీసీ తీసుకున్న చాలామందిలాగే నేనూ పదో తరగతి తర్వాత జీవశాస్త్రం ముట్టలేదు. అదేం అడ్డు కాదు, కానీ ఆ ఖాళీ పూడ్చుకోవాలి. నేనైతే ఈ వరసలో వెళ్లమంటాను.

1. జీవశాస్త్రం: ఇంటర్‌ బైపీసీ పుస్తకాల్లో కణం, జన్యువులు, రోగనిరోధక వ్యవస్థ పాఠాలు చదవండి. తర్వాత ఎన్‌పీటెల్‌లో ఐఐటీ బాంబే వాళ్ల ప్రొటియోమిక్స్‌ కోర్సులున్నాయి. వినడానికి రుసుము లేదు.

2. స్టాటిస్టిక్స్‌: కప్లాన్‌-మేయర్‌ గీత, కాక్స్‌ మోడల్‌, అధ్యయనం మధ్యలో లెక్కకు అందకుండా పోయినవాళ్లను ఎలా చూడాలి, వేల పరీక్షలు చేసినప్పుడు పి-వేల్యూను ఎలా సరిచేయాలి. ఈ నాలుగూ చేతితో లెక్క వేయగలిగేంతగా రావాలి.

3. టూల్స్‌: ఆర్‌, అందులో బయోకండక్టర్‌ ప్యాకేజీలు, లినక్స్‌, గిట్‌. మీకు పైథాన్‌ వచ్చుంటే ఇవి కొన్ని నెలల పని.

4. ఒక చిన్న ప్రాజెక్టు: సీబయోపోర్టల్‌ తెరవండి. కిడ్నీ క్లియర్‌ సెల్‌ డేటాలో సీడీ274 అని వెతకండి. పీడీ-ఎల్‌1ను తయారుచేసే జన్యువు పేరు అదే. దాని ఆర్‌ఎన్‌ఏతో బతికిన కాలం గీత గీయండి. మేయో క్లినిక్‌ వాళ్లు ప్రొటీన్‌తో చెప్పినదానికి కలిసిందా, ఎదురు తిరిగిందా? దశను, గ్రేడ్‌ను మోడల్‌లో చేరిస్తే ఏమైంది? లాటరీ జన్యువులతో పోలిస్తే? జవాబు ఏదైనా సరే, దాన్ని నిజాయతీగా రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కంటే ఆ రెండు పేజీలకే విలువెక్కువ.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్‌లో ట్రిపుల్‌ఐటీలో బయోఇన్ఫర్మేటిక్స్‌ పరిశోధన కేంద్రం ఉంది. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. బెంగళూరులో ఐఐఎస్సీ, ఐబ్యాబ్‌ ఉన్నాయి. అక్కడి ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ బయోఇన్ఫర్మేటిక్స్‌ మన దేశానికి గర్వకారణం. 2014లో మనిషి ప్రొటీన్ల తొలి ముసాయిదా పటాల్లో ఒకదాన్ని అమెరికాలోని జాన్స్‌ హాప్కిన్స్‌తో కలిసి తయారుచేసింది వీళ్లే. హ్యూమన్‌ ప్రొటీన్‌ అట్లాస్‌లోని లక్షల కణజాల చిత్రాలను చదివింది కూడా ముంబైలోని పాథాలజిస్టుల బృందమే. పీజీ, పీహెచ్‌డీల్లోకి గేట్‌ ద్వారా వెళ్లొచ్చు. బయోటెక్నాలజీ, లైఫ్‌ సైన్సెస్‌ పేపర్లతో పాటు 2024 నుంచి డేటా సైన్స్‌, ఏఐ పేపర్‌ కూడా ఉంది. ఏ సంస్థ ఏ పేపర్‌ను ఒప్పుకుంటుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఉద్యోగాలు ఫార్మా కంపెనీల్లో, జీనోమిక్స్‌ సంస్థల్లో, క్లినికల్‌ ట్రయల్స్‌ డేటా చూసే చోట ఉంటాయి. ఒక మాట ముందే చెబుతా. మొదట్లో మీ బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినవాళ్ల జీతం చూసి మనసు చివుక్కుమంటుంది. నాకూ అయింది. డబ్బు ఒక్కటే లెక్కయితే ఈ దారి మీది కాదు.

ఆరు అంశాలు

రెండు రోజుల తర్వాత బాబాయితో పాటు నేనూ వెళ్లాను. డాక్టరుగారు పీడీ-ఎల్‌1 కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టారు. ‘దీన్నిబట్టి మందు ఆపేది లేదు’ అన్నారు. తర్వాత మామూలు రక్తపరీక్ష రిపోర్టు అడిగారు. ఆధునిక చికిత్స మొదలుపెట్టే ముందు ఈ రోగుల్ని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే పట్టికలో ఆరు అంశాలుంటాయి. హిమోగ్లోబిన్‌, క్యాల్షియం, న్యూట్రోఫిల్స్‌, ప్లేట్‌లెట్లు, మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది, జబ్బు బయటపడ్డాక ఏడాదిలోపే మందు అవసరమైందా అన్నది. వీటిలో నాలుగు మన ఊరి ల్యాబ్‌లోనూ తేలిపోతాయి. ఇన్ని వేల జన్యువుల స్కోర్లు వచ్చినా వీటిని ఇంకా ఏదీ పక్కకు నెట్టలేదు. ఎందుకంటే ఇవి దేశదేశాల రోగుల మీద మళ్లీ మళ్లీ పరీక్షకు నిలబడ్డాయి.

బాబాయికి చికిత్స మొదలైంది. ఎలా పనిచేస్తుందో స్కాన్లు చెప్పాలి. బయటికొచ్చాక మా తమ్ముడు అడిగాడు, ‘అయితే అన్నా, ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే టెస్టు లేదా?’

కిడ్నీ క్యాన్సర్‌కు ఇప్పటికైతే లేదు. కావాలి. మీలో ఎవరైనా ఆ పనికి వస్తే, మొదటి రాత్రే గీత అందంగా వచ్చినా సంబరపడకండి. ముందు లాటరీ తీసి చూడండి.